లంబూకి, అమెరికాలోని లెక్సింగ్టన్ నుంచి

ఒరేయ్ లంబూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటిపోయింది. రోజూ రాద్దామనుకోవడం, రాత్రయ్యేసరికి కళ్ళు మూతలు పడటం. క్షమించరా. అమ్మ మోకాలి ఆపరేషన్ బాగా జరిగింది, కర్ర లేకుండానే నడుస్తోంది. మేం ఇల్లు మారాం. పాపకి ముందు పళ్ళు రెండూ ఊడాయి. మిగతావన్నీ ఫోన్లో మాట్లాడుకుందాం, ముందు ఇది విను.

బాస్కెట్‌బాల్ కోచ్ పని మాన్పించి నిన్ను ఆఫీసులో అధికారిగా వేస్తామంటున్నారన్నావు. "విజిల్ తీసేసి కుర్చీలో కూర్చోమంటున్నారు, ఇంక నా ఆట అయిపోయినట్టేనా" అని రాశావు చూడు, ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఏం చెప్పాలో తెలియకే ఇన్నాళ్ళూ రాయలేదేమో కూడా. మొన్న శనివారం ఇక్కడి రప్ అరీనాలో, అదే కెంటకీ యూనివర్సిటీ జట్టు ఆడే స్టేడియంలో, బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళాను. పైకప్పు నిండా పాత ఆటగాళ్ళ జెర్సీల బ్యానర్లు వేలాడుతుంటాయి. హాఫ్ టైమ్‌లో పక్క సీటు పెద్దాయన నాలుగు బ్యానర్లు చూపించి, "అవి పాయింట్లకి ఇచ్చినవి కావు, ఉండిపోయినందుకు ఇచ్చినవి" అన్నాడు. ఇచ్చిందెవరని అడిగితే సి.ఎం. న్యూటన్ పేరు చెప్పాడు. ఇంటికొచ్చాక ఆయన గురించి రాత్రి రెండింటిదాకా చదువుతూనే ఉన్నాను.

ఈ న్యూటన్ ఇక్కడే, కెంటకీ యూనివర్సిటీలో, కోచ్ అడాల్ఫ్ రప్ దగ్గర ఆడాడు. 1951లో జాతీయ ఛాంపియన్లయిన జట్టులో సభ్యుడు, కాకపోతే ఎక్కువగా బెంచీ మీదే. తర్వాత ఇదే ఊళ్ళోని ట్రాన్సిల్వేనియా అనే చిన్న కాలేజీలో పన్నెండేళ్ళు కోచ్. 1968లో అలబామా యూనివర్సిటీ నుంచి పిలుపొచ్చింది. అక్కడ ఫుట్‌బాల్ అంటే దేవుడు, బాస్కెట్‌బాల్‌ని అడిగే నాథుడు లేడు. మొదటి సీజన్‌లో నాలుగే గెలిచారు, ఇరవై ఓడిపోయారు. మన మూడో సంవత్సరం గుర్తొచ్చిందా? నాకైతే వెంటనే ఆ లారీ ప్రయాణం గుర్తొచ్చింది. నువ్వు ఆ అరటిపళ్ళ గెల... సరేలే.

ఆ యూనివర్సిటీ సంగతి కాస్త చెప్పాలి. 1963 జూన్‌లో ఇద్దరు నల్లజాతి విద్యార్థులు చేరడానికొస్తే, ఆ రాష్ట్ర గవర్నర్ వాలెస్ స్వయంగా వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆ గుమ్మం ఎక్కడిదనుకున్నావు? ఫాస్టర్ ఆడిటోరియంది. వాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టు అప్పట్లో ఆడుకునే చోటు అదేరా! ఇది చదివి కుర్చీలోంచి లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. ఆరేళ్ళకే, 1969లో, న్యూటన్ బర్మింగ్‌హామ్ నుంచి వెండెల్ హడ్సన్ అనే కుర్రాణ్ణి తెచ్చి స్కాలర్‌షిప్ ఇచ్చాడు. అలబామాలో ఏ ఆటలోనైనా స్కాలర్‌షిప్ అందుకున్న మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. 1973 డిసెంబర్‌కల్లా న్యూటన్ ఐదుగురు నల్లజాతి కుర్రాళ్ళతో మ్యాచ్ మొదలుపెట్టాడు. వాళ్ళ కాన్ఫరెన్స్‌లో, అంటే ఆ చుట్టుపక్కల యూనివర్సిటీల లీగ్‌లో, అంతకుముందు ఏ జట్టూ అలా దిగలేదు. 1974, 75, 76 వరసగా మూడేళ్ళు టైటిల్ వాళ్ళకి దక్కింది, మొదటి రెండుసార్లూ ఇంకో జట్టుతో పంచుకున్నారు.

ఇప్పుడు నీ సంగతికొస్తాను. 1980లో ఆయన అలబామా వదిలేసి, కాన్ఫరెన్స్ ఆఫీసులో అసిస్టెంట్ కమిషనర్‌గా కుర్చీలో కూర్చున్నాడు. ఉన్నది ఒక్క ఏడాది. మళ్ళీ విజిల్ అందుకుని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో ఎనిమిదేళ్ళు కోచ్‌గా చేశాడు. అక్కడి జిమ్‌లో జట్ల బెంచీలు కోర్టు పక్కన కాకుండా చివర్లలో, బుట్టల వెనక ఉంటాయట. మన వేపచెట్టు బెంచీ లాగే! అంటే కుర్చీ ఎక్కితే తలుపు మూసుకుపోదురా. ముందు నీకు చెప్పాలనుకున్నది ఇంతే, కానీ 1989 సంగతి చదివాక నా మనసు మారిపోయింది.

అప్పటికి కెంటకీ పరువు గంగలో కలిసింది. జట్టులో చేరబోతున్న ఓ కుర్రాడి తండ్రికి ఇక్కణ్ణుంచి వెళ్తున్న పార్సెల్ దారిలో తెరుచుకుని వెయ్యి డాలర్లు బయటపడ్డాయని పత్రికల్లో వచ్చింది. కోచ్ దిగిపోయాడు, అథ్లెటిక్ డైరెక్టర్, అంటే యూనివర్సిటీ ఆటల విభాగానికి పెద్ద, క్లిఫ్ హేగన్ దిగిపోయాడు. ఆ హేగన్ ఎవరనుకున్నావు, 1951 జట్టులో న్యూటన్‌తో కలిసి ఆడినవాడే. జట్టుకి శిక్ష పడింది: రెండేళ్ళు పోస్ట్‌సీజన్, అంటే సీజన్ చివర జరిగే పెద్ద టోర్నీ, ఆడకూడదు, ఒక సీజన్ టీవీలో కనిపించకూడదు. హేగన్ ఖాళీ చేసిన ఆ డైరెక్టర్ కుర్చీలోకి న్యూటన్ వచ్చాడు. న్యూయార్క్ నిక్స్ అనే ప్రొఫెషనల్ జట్టు నుంచి కోచ్ రిక్ పిటినోని తెచ్చి జట్టు చేతిలో పెట్టాడు.

చాలామంది వెళ్ళిపోయినా ఈ నలుగురు కుర్రాళ్ళు కదల్లేదు. ఫార్మర్, ఫెల్డ్‌హౌస్, పెల్ఫ్రీ, వుడ్స్. మొదటి ముగ్గురూ ఈ కెంటకీ రాష్ట్రం పిల్లలే. 1992లో శిక్ష ముగిసి ఆ టోర్నీలో మళ్ళీ ఆడనిచ్చారు. ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే ఫైనల్ ఫోర్, అంటే చివరి నాలుగు జట్లలో చోటు. ఫిలడెల్ఫియాలో డ్యూక్ యూనివర్సిటీ మీద ఓవర్‌టైమ్‌లో ఒక్క పాయింట్ ముందున్నారు, 2.1 సెకన్లు మిగిలాయి. అవతలి బుట్ట దగ్గర్నుంచి బంతి గాల్లో వచ్చింది, డ్యూక్ ఆటగాడు లేట్నర్ పట్టుకుని వేశాడు. 104-103. అయిపోయింది.

మన జోనల్ ఫైనల్ తర్వాత నువ్వు షూ లేసులు విప్పకుండా అరగంట కూర్చున్నావు. ఎవరైనా ఏమైనా అంటారేమో అని నేను కాపలా నిలబడ్డాను. ఎవరూ రాలేదు కూడా. నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

వీళ్ళ దగ్గరికి మాత్రం ఒకడు వచ్చాడురా. కొద్ది రోజులకే రప్ అరీనాలో సీజన్ ముగింపు సభ పెట్టి, ఆ నలుగురికీ తెలియకుండా న్యూటన్ వాళ్ళ జెర్సీలు పైకప్పుకి ఎక్కించాడు. మీకంటే ఎక్కువ పాయింట్లు కొట్టినవాళ్ళున్నారు గానీ, ఈ చొక్కాకి మీలా మనసిచ్చినవాళ్ళు లేరన్నట్టుగా మాట్లాడాడు. తలెత్తి చూస్తే వాళ్ళ పేర్లు! ఆ పని కోచ్ చేయలేడు లంబూ. ఆ కుర్చీలో ఉన్నవాడే చేయగలడు.

ఆ తర్వాత 1996లో ఛాంపియన్లు. 1997లో ఆయనే టబ్బీ స్మిత్‌ని, కెంటకీ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు మొదటి నల్లజాతి హెడ్ కోచ్‌ని తెచ్చాడు. మరుసటి ఏడే మళ్ళీ ఛాంపియన్లు. వెండెల్ హడ్సన్ కూడా అలబామా ఆటల విభాగంలో అసోసియేట్ డైరెక్టర్‌గా ఉండి, 2008లో అమ్మాయిల జట్టుకి కోచ్ అయ్యాడు. చూశావా, ఆయన కూడా కుర్చీలోంచి లేచాడు.

నీకు హాస్టల్ సీటు ఎలా వచ్చిందో గుర్తుందా? మాస్టారు నీ ఎత్తు చూసి తెచ్చారు నిజమే, కానీ ఫీజు కట్టకుండా రెండు నెలలు నిన్ను ఉండనిచ్చిన ఆ కాగితం మీద సంతకం ఎవరిది? ఆ సంతకం పెట్టినాయన మ్యాచ్‌కి ఎప్పుడూ రాలేదు. నీకు ఆయన పేరైనా... ఇప్పుడు ఆ సంతకం నీ చేతిలోకి వస్తోంది. ఉప్పాడ నుంచి సైకిల్ మీద వస్తుందన్నావే ఓ పిల్ల, బూట్లు లేవన్నావు, ఆ పిల్ల కాగితం ఎవరి బల్ల మీదికి వస్తుందో ఆలోచించు.

న్యూటన్ గురించి ఇంకా చాలా చెప్పాలనుకున్నాను. పాప స్కూల్ బస్సు మలుపు తిరిగింది, కిటికీలోంచి కనిపిస్తోంది. వాళ్ళకి జవాబు చెప్పేముందు నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా సరే.

నీ బుడ్డోడు