చెరువు చుట్టూ గోడ కాదు, ఒడ్డు కావాలి

సంపాదకులకు,

హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల సుందరీకరణ వార్తలు మీ పత్రికలో తరచూ వస్తున్నాయి. చుట్టూ కట్ట పోసి, రాళ్లు పేర్చి, పైన వాకింగ్ ట్రాక్, రంగు దీపాలు పెడుతున్నారు. పక్క ప్లాట్లకు ధర వస్తుంది కాబట్టి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ ఈ పద్ధతిలో చెరువు చెరువుగా మిగలదు. నీళ్లు కంపు కొట్టడం మొదలైతే ఆ ధర కూడా నిలవదు.

చెరువులో మేత ఎక్కువగా దొరికేది నడిమధ్య లోతులో కాదు, శిఖం (చెరువు నిండితే నీట మునిగే నేల) అంచున లోతు తక్కువ నీళ్లలో. బాతులు తల ముంచి మేసేదీ, నత్తగుల్ల కొంగలు నత్తలు ఏరుకునేదీ, చేపపిల్లలు దాక్కునేదీ అక్కడే. రాతి పేర్పు ఉన్న గట్టు సాధారణంగా 1:2 వాలులో కడతారు. అంటే ఒడ్డు నుంచి రెండడుగులు దాటగానే నీళ్లు అడుగు లోతు దాటిపోతాయి. 1:50 వాలున్న మామూలు ఒడ్డు మీద అదే అడుగు లోతుకు 50 అడుగుల వెడల్పున మేత ఉంటుంది. తుంగ, జమ్ము వేళ్లూనేది కూడా ఆ 50 అడుగుల్లోనే. వాన నీటితో వచ్చే మట్టి, మురికి లోపలికి పోకుండా చాలావరకు అక్కడే ఆగుతాయి. రింగ్ బండ్ (చెరువు చుట్టూ కట్ట) వేస్తే ఈ పట్టీ మొత్తం పోతుంది. పైగా పక్కనుంచి పారి వచ్చే వాన నీళ్లు కట్ట బయటే ఆగి కాలనీల్లోకి మళ్లుతాయి. చెరువుకు కట్ట ఒకవైపే ఉండి మిగతా వైపులు తెరిచి ఉండటానికి కారణమే అది.

అసలు తగాదా ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) గీత దగ్గర మొదలవుతుంది. భవన నిర్మాణ నిబంధనల మీద 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల బఫర్ (కట్టడాలు లేని ఖాళీ పట్టీ) వదలాలి. అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు చాలు. గుండ్రటి చెరువనుకుని లెక్క వేయండి. సరిగ్గా 10 హెక్టార్లుంటే బఫర్ కింద దాదాపు 9 ఎకరాలు పోతుంది. సర్వేలో అది 9.9 హెక్టార్లని తేలితే రెండున్నర ఎకరాలతో సరిపోతుంది. తేడా ఆరెకరాలకు పైమాటే. శివారు భూముల రేట్లు తెలిసినవారికి ఆ గీత మీద ఎంత ఒత్తిడి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఎఫ్‌టీఎల్ అంటే వేసవిలో నీళ్లు నిలిచిన చోటు కాదు, అలుగు (నిండాక మిగులు నీళ్లు బయటికి పొర్లే చోటు) మట్టం చుట్టూ నేలను తాకే గీత. అలుగును ఒక్క అడుగు చెక్కేస్తే 1:50 వాలు మీద ఆ గీత 50 అడుగులు లోపలికి జరుగుతుంది. అందుకే సర్వే నీటి అంచు నుంచి కాకుండా అలుగు నుంచి మొదలవ్వాలి. ఆ మట్టాన్ని నీటిపారుదల శాఖ పాత రికార్డుతో సరిచూసి, కదలని రాయి మీద చెక్కించాలి.

మురుగు విషయంలోనూ ఒక పొరపాటు పదేపదే జరుగుతోంది. నాలాను మొత్తంగా పైపులోకి మళ్లిస్తే మురుగుతో పాటు వాన నీళ్లూ పోతాయి, చెరువు ఎండుతుంది. మళ్లించకపోతే ఏడాదంతా మురుగు నిండి గుర్రపుడెక్క కమ్ముకుంటుంది. మళ్లింపు చాంబర్లో చిన్న అడ్డుగోడ కట్టి, వాన లేని రోజుల ప్రవాహం వరకే పైపులోకి పోయేలా, అంతకు మించింది గోడ దాటి చెరువులో పడేలా చేయాలి. తొలకరి నీళ్లు రోడ్ల మురికితో వస్తాయి కాబట్టి దారిలో ఆ మట్టి దిగిపోయేలా ఒక పూడిక గుంట తప్పదు. దాన్ని ఏటా వానలకు ముందే తీయించాలి. గుంట తవ్వి వదిలేస్తే త్వరలోనే పూడిపోతుంది.

ట్రాక్ వద్దని ఎవరూ అనడం లేదు. పాత కట్ట మీద వేయండి, మిగతా వైపుల ఎఫ్‌టీఎల్ బయట బఫర్లో వేయండి. ఒక వైపైనా మనుషులు నడవని ఒడ్డు వదలండి. తీతువు పిట్ట గులకరాళ్ల మధ్య బయలు నేల మీదే గుడ్లు పెడుతుంది, జేసీబీ డ్రైవరుకు అవి కనపడవు. వేసవిలో పూడిక తీసేటప్పుడు ఈ ఏడు సగం, వచ్చే ఏడు సగం తీస్తే పక్షులకు చోటుంటుంది. దీపాలు నీటి వైపు కాకుండా కిందికి వెలిగేలా బిగించి, రాత్రి పదికి ఆర్పేయాలి.

శిఖంలో, బఫర్లో పట్టా ఉన్న రైతును ఆక్రమణదారుతో సమానం చేయడం మాత్రం అన్యాయం. అలాంటి భూమికి టీడీఆర్ (వదులుకున్న భూమికి బదులు మరోచోట అదనంగా కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు పత్రం) ఇచ్చే వెసులుబాటు నిబంధనల్లోనే ఉంది. కూల్చివేత నోటీసు కంటే ముందు ఆ పత్రం అతని చేతికి అందాలి. చెరువు పేరు చెప్పి ధర పెంచుకునే లేఅవుట్ల అనుమతి రుసుములో కొంత ఆ చెరువు ఖాతాకే జమ చేస్తే, పూడిక గుంట శుభ్రం చేయడానికి ఏటా నిధుల కోసం ఎదురుచూడాల్సిన పని ఉండదు.

ఏ చెరువు పనికైనా టెండరు పిలిచేముందు అలుగు మట్టం సర్వేను, నాలుగు వైపుల ఒడ్డు వాలు చూపే క్రాస్ సెక్షన్లను (అడ్డుకోత పటాలను) వార్డు కార్యాలయంలో అంటించి, అభ్యంతరాలకు నెల రోజుల గడువివ్వాలని మున్సిపల్ శాఖను కోరుతున్నాం.

— విశ్రాంత నీటిపారుదల ఇంజినీర్లు, హైదరాబాద్