దంపతుల సహవాసం వార్షిక నివేదిక, 2024–25

ప్రియమైన అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ప్రభువు నామంలో వందనాలు. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన చర్చి దంపతుల సహవాసంలో ఏం జరిగిందో రాస్తున్నాను. ప్రార్థన కూటాలకు రాలేక కువైట్‌లోనో దుబాయ్‌లోనో మస్కట్‌లోనో కూర్చుని దీన్ని ఫోన్లో చదువుకునే వాళ్లు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నెలనెలా మొదటి శనివారం గృహకూటం ఆగకుండా జరిగింది. జూలైలో గోదావరి వరద లంకల్లోకి వచ్చినప్పుడు ఆ తర్వాతి కూటం చర్చిలోనే పెట్టుకున్నాం. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మండలాల నుంచే కాకుండా పంటు మీద గోదావరి దాటి నరసాపురం వైపు నుంచి కూడా జంటలు వచ్చారు. జమాఖర్చుల కాగితం చర్చి గోడకు అంటించాం, ఎవరైనా చూసుకోవచ్చు, అడగవచ్చు. క్రిస్మస్ చీరలు, దుప్పట్లు, వంటల సంగతి అందరూ చూసిందే కాబట్టి దాని గురించి రాయను. రాయవలసింది వేరే ఉంది.

ఈ ఏడాది మన దగ్గరకు వచ్చిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఎడబాటు గురించే. మన ఊళ్లలో అప్పు మీదపడితే ముందు ఆలోచించేది గల్ఫ్. చాలా ఇళ్లలో వెళ్లేది భార్యే, ఇంటిపని వీసా మీద, ఏజెంటుకు కొంత కట్టి. పిల్లలు అత్తగారి దగ్గర ఉంటారు, భర్త ఇక్కడ ఉంటాడు, డబ్బు వస్తుంటుంది, ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తుందన్న దగ్గర గొడవ మొదలవుతుంది. అక్కడ ఆమె పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా వంగి పనిచేస్తే ఇక్కడ ఆడపడుచు పెళ్లికి, మరిది బండికి ఆ డబ్బు అయిపోయిందని మనం ఎన్నోసార్లు విన్నాం. ఇటు భర్త బాధ కూడా చిన్నది కాదు. పెళ్లాం సంపాదనతో తింటున్నాడని సెంటర్లో నలుగురూ అంటుంటే తల ఎత్తుకోలేక తాగుడులో పడిన తమ్ముళ్లు ఉన్నారు, పడకుండా నిలబడి పిల్లలకు జడలు వేసి స్కూలుకు పంపిన తమ్ముళ్లూ ఉన్నారు.

అందుకే బైబిల్లో అపొస్తలుడైన పౌలు రాసిన 1 కొరింథీయులకు పత్రిక 7వ అధ్యాయాన్ని వరసగా కొన్ని కూటాల్లో చదివాం. భార్యాభర్తలు విడిగా ఉండాల్సి వస్తే ఇద్దరి సమ్మతితో, కొంతకాలానికే, ప్రార్థన కోసమే అలా ఉండి మళ్లీ కలుసుకోమంటాడు పౌలు. ఈ మాటను మనం మామూలుగా ఉపవాస కూటాల్లో వింటాం గానీ వీసా కాగితాల పక్కన పెట్టి చదివిన వాళ్లు తక్కువ. మేం అలాగే చదివాం. ఇద్దరి సమ్మతి అంటే అత్తమామల నిర్ణయం కాదు, ఏజెంటు తొందర అసలే కాదు. కొంతకాలం అంటే తిరిగి వచ్చే నెల ముందే అనుకోవాలి. దీని మీద కొందరు జంటలు ఒక పద్ధతి పెట్టుకున్నారు: వెళ్లేముందు ఇద్దరూ పాస్టరు గారి దగ్గర కూర్చుని ఎంత అప్పు తీర్చాలో, ఎప్పుడు తిరిగి రావాలో పుస్తకంలో రాసుకుని, ప్రార్థన చేయించుకుని వెళ్లారు. డబ్బు ఇద్దరి పేర్ల మీద ఉన్న బ్యాంకు ఖాతాకే రావాలని కూడా అనుకున్నారు. పెద్దవాళ్లకు కోపం వచ్చింది, నిజమే. "మామీద నమ్మకం లేదా?" అని ఒక అత్తగారు కూటంలోనే లేచి అడిగారు. కొడుకు ఆమె పక్కన కూర్చుని, నీకు నెలకు ఇంత అని మేమే ఇస్తాం అమ్మా, లెక్క మాత్రం మా ఇద్దరిదీ, అని నెమ్మదిగా చెప్పాడు. ఆ రోజు ఆ తమ్ముడు చేసినంత మంచి ప్రసంగం ఈ ఏడాది నేను వినలేదు.

కువైట్‌లో శుక్రవారం సెలవు. అక్కడి తెలుగు క్రైస్తవ సంఘాలు ఆ రోజే ఆరాధనకు కూడుకుంటాయి. మన చెల్లెళ్లలో బయటికి వెళ్లే వీలున్న వాళ్లు వెళ్తారు, ఇళ్లలోనే ఉండిపోయే వాళ్లకు ఫోనే చర్చి. వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది, పైగా పని అయ్యేసరికి మనకు నడిరాత్రి అవుతుంది. అయినా శుక్రవారం రాత్రి భార్యాభర్తలు వీడియో కాల్‌లో ఒక కీర్తన చదువుకుని ప్రార్థన చేసుకోవడం చాలా ఇళ్లలో అలవాటైంది. ఒక తమ్ముడు చెప్పిన సాక్ష్యం అందరికీ గుర్తుండే ఉంటుంది. మామూలు రోజుల్లో ఫోన్ చేస్తే డబ్బు, పిల్లల మార్కులు, అమ్మ మందులు, వీటితోనే కాల్ అయిపోతుందట, ప్రార్థన చేసేటప్పుడు మాత్రం ఆమె అక్కడ ఏమేం పడుతోందో దేవునితో చెప్పుకుంటుంటే అతనికి తెలిసేదట. భర్తకు చెబితే బెంగపడతాడని దాచిన మాటలు ప్రభువుకు చెప్పేటప్పుడు దాచలేకపోయింది ఆమె. ఆ ఇంట్లో ఇప్పుడు తిరుగు ప్రయాణం టికెట్ కోసం డబ్బు వేరుగా పోగవుతోంది.

జూన్ 12 మనమెవరం మర్చిపోం. కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం కాలిపోయింది. 45 మంది మన దేశస్థుల మృతదేహాలను ఒకే విమానంలో కొచ్చికి తెచ్చారు. చనిపోయిన వాళ్లలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు, వారిలో ఇద్దరు నదికి అవతలి పశ్చిమ గోదావరి జిల్లా వాళ్లే. ఆ రోజు ఫోన్లు కలవక ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగలేదో. స్త్రీల సమాజం వాళ్లు ఇంటింటికీ వెళ్లి కూర్చున్నారు, ఎవరి ఫోను కలిసినా మిగతా ఇళ్లకు కబురు చేశారు. ఆ వేసవిలోనే ఒక మేలు కూడా జరిగింది: వీసా గడువు దాటిపోయి చిక్కుకున్న వాళ్లు జరిమానా లేకుండా దేశం వదిలి వెళ్లవచ్చని కువైట్ ప్రభుత్వం మార్చి 17 నుంచి జూన్ 30 వరకు అవకాశం ఇచ్చింది. అలా ఇంటికి చేరిన జంటల కోసం ఆగస్టు కూటంలో కృతజ్ఞతా ప్రార్థన చేశాం. ఏళ్ల తరబడి విడిగా ఉన్నవాళ్లు ఒకే ఇంట్లో మళ్లీ కాపురం మొదలుపెట్టడం సులువేమీ కాదు. పిల్లలు తల్లిని "ఆంటీ"లా చూస్తారు. ఆమె వంట అత్తగారికి నచ్చదు, ఆయన అలవాట్లు ఆమెకు కొత్త. దీని గురించి పాస్టరమ్మ గారు జంటలతో విడివిడిగా కూర్చుని మాట్లాడుతున్నారు, వచ్చే ఏడాది కూడా ఇది సాగాలి.

సెప్టెంబరులో పిల్లలు లేని దంపతుల కోసం ప్రత్యేకంగా కూటం పెట్టాం. 1 సమూయేలు మొదటి అధ్యాయమే తీసుకున్నాం. హన్నా కథ మనకు సండే స్కూల్ నుంచి తెలుసు, ఏడ్చింది, ప్రార్థించింది, సమూయేలు పుట్టాడు అని. ఈసారి మగవాళ్లను ఆమె భర్త ఎల్కానా గురించి మాట్లాడమన్నాం. పదిమంది కొడుకుల కంటే నేను నీకు ఎక్కువ కాదా అని అతను అడుగుతాడు. ప్రేమతోనే అడిగాడు, కానీ అదే ఇంట్లో అతని ఇంకో భార్య పెనిన్నా ఏటేటా ఆమెను దెప్పిపొడుస్తుంటే అతను ఆపినట్టు ఎక్కడా రాసి లేదు. మన ఇళ్లలోనూ అంతే కదా. గదిలో ఓదార్చే భర్త వరండాలో వాళ్లమ్మ ముందు నోరు విప్పడు. ఈ మాట అన్నది ఒక అన్నయ్యే, ఆయనకు పెళ్లై చాలా ఏళ్లైనా పిల్లల్లేరు. తర్వాతి వారం ఆయన తన తల్లితో, పరీక్షలు నేనూ చేయించుకున్నాను, ఇక ఈ మాట నా భార్య దగ్గర ఎత్తొద్దు అని చెప్పారట.

అదే కథలోని యాజకుడు ఏలీ సంగతి కూడా మాట్లాడుకున్నాం. గుడిలో మౌనంగా ప్రార్థిస్తూ పెదవులు కదుపుతున్న హన్నాను చూసి తాగి వచ్చిందనుకున్నాడు ఆయన. సంఘంలో మనం కూడా "ఎవరి పాపమో", "విశ్వాసం చాల్లేదేమో" అని ఎంత తేలిగ్గా అనేస్తాం! ఇంకో విషయం, 18వ వచనంలో హన్నా లేచి వెళ్లి భోజనం చేసింది, ఆ తర్వాత ఆమె ముఖాన దుఃఖం లేదు. అప్పటికి బిడ్డ ఇంకా కడుపులో పడలేదు. ఆ ఒక్క వచనం దగ్గరే ఆ రాత్రి చాలాసేపు ఆగిపోయాం, ఎవరికీ లేవాలనిపించలేదు.

ఇంట్లో ఒకరే విశ్వాసులైన జంటల గురించి. మన ఆదివారం ఆరాధనకు వచ్చే అక్కల్లో చాలామంది అత్తవారిల్లు హిందూ ఇల్లు. బొట్టు, ప్రసాదం, పిల్లల పేర్లు, అన్నప్రాసన, ఏదో ఒకదాని దగ్గర టెన్షన్ వస్తూనే ఉంటుంది. అవిశ్వాసి అయిన భర్త కాపురం చేయడానికి ఇష్టపడితే అతన్ని విడవకూడదని పౌలు అంటాడు, మాటతో కాదు నడతతో గెలుచుకోమని 1 పేతురు 3వ అధ్యాయం. సంక్రాంతి ముందు కూటంలో ఒక చెల్లి అడిగింది, కనుమ రోజు దేవుడి ప్రభలు ఊరేగించే జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అత్తగారిని తీసుకెళ్లొచ్చా అని. దీని మీద మనలో ఏకాభిప్రాయం రాలేదు, ఇప్పటికీ లేదు. కొందరు పెద్దలు వద్దన్నారు. నా అభిప్రాయం ఆ రోజూ చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను: మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ చెయ్యి పట్టుకుని జనంలో నడిపించడం కోడలి సేవ, అది ఆమె విశ్వాసాన్ని తగ్గించదు. పూజలో నిలబడలేనని ఆమె అత్తగారికి మర్యాదగా ముందే చెప్పింది, ఆవిడ సరేనంది. మరుసటి ఆదివారం కోడలు చర్చికి వెళ్లేసరికి ఆలస్యం కాకూడదని ఆ అత్తగారే వంట మొదలుపెట్టిందని విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు కష్టమైన విషయం. కొట్టే ఇళ్ల గురించి. "ప్రార్థన చేసుకో అమ్మా, సర్దుకుపో" అనే సలహా మన సహవాసంలో ఎవరూ ఎవరికీ ఇవ్వకూడదని అక్టోబరులో అందరం కలిసి తీర్మానించుకున్నాం. విడిచిపెట్టడం దేవునికి అసహ్యమని మలాకీ 2:16 ఎత్తి చూపించే వాళ్లు అదే వచనంలో తర్వాతి మాట కూడా చదవాలి, బలాత్కారం కూడా ఆయనకు అసహ్యమే అని అక్కడే ఉంది. ఎఫెసీయులకు 5:25 భర్తకు చెప్పింది, క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించమని. లోబడమన్న వచనం భార్యకు వినిపించే ముందు ఇది భర్తకు వినిపించండి. దెబ్బలు తింటున్న చెల్లి ముందు క్షేమంగా ఉండాలి, తర్వాతే రాజీ మాటలు. 181 మహిళా హెల్ప్‌లైన్, 112 అత్యవసర నంబరు ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. గృహహింస నుంచి రక్షణకు 2005 నుంచి చట్టం ఉంది, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. తన ఇంటి తలుపు ఏ రాత్రైనా తెరిచే ఉంటుందని ముందుకొచ్చిన అక్కలకు మనందరి తరఫున కృతజ్ఞతలు. వాళ్ల పేర్లు కావాలనే రాయడం లేదు. తాగుడు మానిన ఇద్దరు తమ్ముళ్లు ఇప్పుడు అదే కష్టంలో ఉన్న వేరే భర్తల ఇళ్లకు వెళ్లి కూర్చుంటున్నారు, డాక్టరు దగ్గరకు తోడు వెళ్తున్నారు. మందు మానడానికి ప్రార్థనా కావాలి, వైద్యమూ కావాలి.

పెళ్లికి ముందు క్లాసులు యువతీయువకులకు జరిగాయి, కానీ వాళ్ల తల్లిదండ్రులు రాలేదు, కట్నం మాట్లాడేది వాళ్లు కాబట్టి రావలసింది వాళ్లే. 1961 నుంచి కట్నం నేరం. చర్చిలో వరసగా మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివి ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడుగుతాం, పెళ్లికూతురి తండ్రి పొలం తాకట్టు పెట్టాడని తెలిసీ మౌనంగా కూర్చుంటాం. ఈ ఏడాది ప్రకటనకు ముందే రెండు కుటుంబాలనూ పిలిచి ఇచ్చిపుచ్చుకోవడాల గురించి అడగాలని పాస్టరు గారిని కోరాం, ఆయన ఒప్పుకున్నారు.

నవంబరులో యువజంటలను నరసాపురం తీసుకెళ్లాం. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు ఇంగ్లండు నుంచి భార్యలతో కలిసి వచ్చి ఈ గోదావరి డెల్టాలోనే సువార్త పని మొదలుపెట్టారు. భాష తెలియని ఊళ్లో, ఎండల్లో, జ్వరాల మధ్య కొత్త కాపురం ఎలా నెట్టుకొచ్చారో అని ఆ జంటలు ఒకరినొకరు అడుగుతుంటే వినడం బాగుంది.

మార్చి 5న ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలయ్యాయి. ఈసారి ఉపవాసం ఉండే దంపతులను ఒక్కటే అడిగాం, మీ మధ్య మాట్లాడకుండా మిగిలిపోయిన సంగతి ఒకటి ఈ నలభై రోజుల్లో మాట్లాడుకోండి అని.

వచ్చే కూటం మే 3 శనివారం. ఆ రోజు మాట్లాడేది అత్తగార్లు, కొడుకులూ కోడళ్లూ వింటారు. కోడళ్ల వంతు జూన్ కూటంలో. అత్తగారు చర్చికి రాని వాళ్లైనా సరే, వాళ్లకు ఇష్టమైతే తీసుకురండి. సఖినేటిపల్లి వైపు తిరిగి వెళ్లే వాళ్లకు ఆటో మాట్లాడుతున్నాం, ఎంతమంది వస్తారో ముందు గురువారం లోపు స్త్రీల సమాజం వాళ్లకు చెప్పండి.