మార్స్ నుంచి జవాబు వెంటనే రాదండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

పోయిన ఆదివారం అనుబంధంలో మీరు వేసిన సైన్స్ ఫిక్షన్ కథ చదివానండి. మార్స్ మీద ఉన్న కుర్రాడు అమలాపురంలో వాళ్ళమ్మతో వీడియో కాల్ మాట్లాడతాడు, ఆవిడ అడగటం ఆలస్యం వీడు చెప్పేస్తుంటాడు, అక్కడే నాకు కథ మీద నమ్మకం పోయింది. మార్స్ మనకి బాగా దగ్గరికొచ్చినప్పుడే సిగ్నల్ రావడానికి 3 నిమిషాలు పడుతుంది, దూరమైపోయినప్పుడు 22, అంటే పోయి రావడానికి 44. రేడియో సిగ్నల్ వెళ్ళేది కాంతి వేగంతోనే కదండీ, అంతకు మించి తోయలేం.

అసలు బాధేంటంటే అంత మంచి కథ చేతిలో పెట్టుకుని రచయిత వదిలేశారు. ఆ తల్లి "తిన్నావా నాన్నా" అని అడిగి, ఫోన్ గూట్లో ఆనించి, పనసపొట్టు ఉడకబెట్టి పోపు పెట్టి ఆవ కలిపేసినా ఇంకా జవాబు రాదు. వచ్చేసరికి "తిన్నానమ్మా, నువ్వో" అంటాడు, ఈవిడ ఎంగిలి చేత్తో పరిగెత్తుకొస్తుంది. దెబ్బలాడుకుందామన్నా మాటకి మాట పడదు.

నేనూ రాస్తుంటానండి, మాది అంతర్వేది దగ్గర. మొదట్లో నేనూ అమెరికా ల్యాబుల గురించే రాసి చించేశాను. ఇప్పుడు కథకి ఒక్కటే కల్పన పెట్టుకుంటాను, మిగతాదంతా మా ఊళ్ళో ఉన్నట్టే ఉండాలి. సముద్రపు నీళ్ళతో పండే వరి వచ్చిందనుకోండి, అంతే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి డెల్టాలో ఎగువ పొలానిదే పైచేయి, శివారు రైతు వంతు నీళ్ళ కోసం రాత్రంతా తూము దగ్గర కాపలా కాస్తాడు. ఈ వరి వస్తే శివారువాడిదే పైచేయి అయిపోతుంది, చవగ్గా అమ్ముకున్న చవుడు నేల కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు, ఒకడు పోటు టైముకి మురుగు కాలవ తలుపు ఎత్తి ఉప్పునీళ్ళు లోపలికి వదుల్తాడు, పక్కనున్న ఆవిడ మంచినీళ్ళ చెరువు తెల్లారేసరికి ఉప్పగా తేల్తుంది. నా కథ ఆవిడ బిందె దగ్గర మొదలవుతుంది, విత్తనం కనిపెట్టిన సైంటిస్టు అసలు కనపడడు.

ఈ ఉత్తరం ఆ రచయిత గారికి పంపండి దయచేసి. ఆయనకి భాష బాగా వచ్చు, ఆ తల్లి మాట తీరు అచ్చం మా పిన్నిలా ఉంది. ఆ 44 నిమిషాలు పెట్టి మళ్ళీ రాస్తే మీరు మళ్ళీ వేయండి, నేను మళ్ళీ కొని చదువుతాను.

— ఒక పాఠకురాలు, కోనసీమ