థ్రిఫ్ట్ స్టోర్ కమిటీ వార్షిక నివేదిక, 2025

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రం కింగ్ కౌంటీలో వాడిన సామాను విరాళంగా తీసుకుని అమ్మే మన సంఘం స్టోరు జమాఖర్చులు కోశాధికారి నివేదికలో విడిగా ఉన్నాయి కనుక ఇక్కడ లెక్కల జోలికి పోవడం లేదు. సామాను ఇచ్చినవాళ్ళు, కొన్నవాళ్ళు ఈ ఏడాది ఏమన్నారు, దాన్నిబట్టి మనం ఏం మార్చాం అన్నదే ఈ నివేదిక. కొన్నవాళ్ళ ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం సామాను దించుకునే గుమ్మం దగ్గరే ఉంది. అక్కడ అడగాల్సింది అడిగి, చీటీ మీద రాయాల్సింది రాస్తే బిల్లు దగ్గర గొడవ రాదు.

చీరలు

స్టోరుకు పేరు తెచ్చేవి ఇవే, మాట తెచ్చేవీ ఇవే. ఇచ్చేవాళ్ళ బాధ ధర గురించి. వేలు పోసి కొన్న పట్టుచీరకు 40 డాలర్ల చీటీ చూస్తే ఎవరికైనా ప్రాణం చివుక్కుమంటుంది. కానీ ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న చీర ఆ మడత మీదే చిట్లుతుంది. జరీ నల్లబడుతుంది. పైకి బాగానే కనిపించినా, కిటికీ దగ్గర వెలుతురుకు అడ్డం పట్టి చూస్తే మడత వెంట సన్నటి గీతలా వెలుగు వస్తుంది. అలాంటిది కడితే ఒక్క పెళ్ళికి కూడా ఆగదు. అందుకే ఇప్పుడు ప్రతి పట్టుచీరనూ ఇద్దరు పట్టుకుని పూర్తిగా విప్పి, వెలుతురులో చూశాకే ధర వేస్తున్నాం.

కొనేవాళ్ళ బాధ వేరు. ఒకేలా కనిపించే రెండు చీరల్లో ఒకటి 12 డాలర్లు, ఇంకొకటి 60 ఎందుకని అడుగుతారు. ఒకటి ఆర్ట్ సిల్క్, అంటే కృత్రిమ పట్టు, ఇంకొకటి అసలు పట్టు. అసలు పట్టని చెప్పే సిల్క్ మార్క్ చీటీ లేకపోతే చెంగు కుచ్చులోంచి ఒక్క పోగు తీసి కాలుస్తాం. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. పాలిస్టరయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఈ పని వెనక గదిలోనే చేయాలి, ఇచ్చినవాళ్ళ ఎదుట వద్దు.

చీర చీటీ మీద ఇకనుంచి నాలుగు సంగతులు ఉంటాయి: పొడవు, జాకెట్ ముక్క ఉందా లేదా, ఫాల్ కుట్టారా, మరకగానీ చిల్లుగానీ ఎక్కడుంది. చెంగు పైకి కనిపించేలా మడత పెడితే కొనేవాళ్ళు ప్రతిదీ విప్పి చూడరు. కుట్టిన జాకెట్లకు సైజు నంబరు వేయడం మానేశాం. ఛాతీ, చేయి చుట్టుకొలతలు అంగుళాల్లో రాసి, లోపల కుట్టు ఎంత వదిలారో కూడా రాస్తున్నాం. పక్కకు అంగుళం చొప్పున వదిలిన జాకెట్ ఇట్టే అమ్ముడుపోతుంది, వదలనిది నెలల తరబడి వేలాడుతుంది.

కలరా ఉండల వాసన మీద తెలుగువాళ్ళకంటే ఇక్కడివాళ్ళే ఎక్కువ ఫిర్యాదు చేశారు. పాత చీరల్ని పరదాలకూ బొంతలకూ కొనేది ఎక్కువగా వాళ్ళే. చీరలు తెచ్చేముందు రెండు మూడు రోజులు నీడలో గాలికి ఆరబెట్టండి. సెంటు మాత్రం కొట్టకండి, పట్టు మీద మరక పడితే పోదు.

ఇత్తడి, ఇండాలియం గిన్నెలు

వీటిని వద్దన్నప్పుడు కొందరు నొచ్చుకున్నారు. కారణం ఇది: బయటి దేశాల నుంచి వచ్చే కొన్ని అల్యూమినియం, ఇత్తడి, ఇండాలియం వంటపాత్రల్లోంచి సీసం తిండిలోకి దిగవచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 ఆగస్టులో హెచ్చరించింది. మన కింగ్ కౌంటీ ఆరోగ్య శాఖ ఈ సంగతి అంతకు ముందే చెప్పింది. వంటపాత్రల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) హద్దు పెట్టిన వాషింగ్టన్ రాష్ట్ర చట్టానికి అమలు తేదీ 2026 జనవరి 1. చింతపండు పులుసు లాంటి పుల్లటివి వండితే సీసం ఇంకా ఎక్కువ దిగుతుంది. కళాయి పూయించాం కదా అంటే, ఆ తగరంలోనే సీసం కలిసి ఉండొచ్చు. గిన్నెను చూసి చెప్పడం ఎవరివల్లా కాదు.

కాబట్టి వంటకు స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలు మాత్రమే తీసుకుంటున్నాం. అల్యూమినియం కుక్కర్లూ వద్దు. కుందులు, గంటలు, హారతి పళ్ళేలు యథాప్రకారం అమ్ముతాం, వాటిమీద ‘వంటకు కాదు’ అని చీటీ ఉంటుంది. గుమ్మం దగ్గర తిప్పి పంపిన గిన్నెల్ని ఇంకొకరికి ఇవ్వకండి, పాత ఇనుము తీసుకునేచోట వేయండి. అమ్మమ్మగారి గిన్నె అయితే అలంకారానికి ఇంట్లో ఉంచుకోండి.

స్టీలు కుక్కర్ తెచ్చేవాళ్ళు మూత, గాస్కెట్, విజిల్ ఒకే సంచిలో కట్టి తెండి. విజిల్ లేని కుక్కర్లే ఎక్కువ వస్తున్నాయి. గట్టిపడిన గాస్కెట్‌ను మేమే తీసేసి, ‘కొత్తది వేసుకోవాలి’ అని రాస్తాం.

కరెంటు సామాను, పిల్లల సామాను

ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీలు ఇక తీసుకోం. కొన్నవాళ్ళు ప్లగ్గు మార్చే అడాప్టరు ఒక్కటే పెట్టి, 120 వోల్టులకు తిరగడం లేదని వెనక్కి తెస్తున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ కొనాలంటే మిక్సీ ధరకు మించిపోతుంది. అడుగున ఉన్న రేకు మీద 110 లేదా 120 అని ఉంటేనే తీసుకుని, ప్లగ్గు పెట్టి తిప్పి చూశాకే అల్మరాలో పెడతాం.

కారు సీట్లు ఎంత కొత్తగా ఉన్నా వద్దు. ప్రమాదంలో చిక్కుకున్నదో కాదో మనకు తెలియదు, పైగా వాటికి గడువు తేదీ ఉంటుంది. పక్క చట్రం కిందికి జారే ఊయల మంచాల అమ్మకం 2011 జూన్ నుంచి దేశమంతటా నిషేధం.

రసీదులు

పన్ను మినహాయింపు కోసం ఇచ్చే రసీదు మీద ధర కూడా మీరే వేసివ్వండని సామాను ఇచ్చేవాళ్ళు అడుగుతున్నారు. మనం వేయకూడదు. ఏమేం ఇచ్చారో, ఏ తేదీన ఇచ్చారో, బదులుగా ఏమీ పుచ్చుకోలేదని కూడా మనం రాసిస్తాం. విలువ కట్టుకోవాల్సింది ఇచ్చినవాళ్ళే, అదీ కొన్న ధర కాదు, ఇప్పుడు పలికే ధర. ఒకేసారి 250 డాలర్లు, ఆపైన విలువ చేసేవి ఇస్తే మన రసీదు లేకుండా పన్ను మినహాయింపు రాదు. ఏడాది మొత్తంలో ఇచ్చిన వస్తువుల మినహాయింపు 500 డాలర్లు దాటితే పన్ను రిటర్నుకు 8283 ఫారం జతచేయాలి. ఖర్చులు విడివిడిగా చూపకుండా అందరికీ ఇచ్చే స్థిర మినహాయింపు (స్టాండర్డ్ డిడక్షన్) తీసుకునేవాళ్ళకు ఈ వస్తుదానాల వల్ల పన్ను తగ్గదు. ‘చీరలు, ఒక సంచి’ అని రాయకండి, ఎన్ని చీరలో రాయండి.

స్టోరు మూసి ఉన్నప్పుడు గుమ్మం ముందు సంచులు వదిలి వెళ్ళవద్దని మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వస్తోంది. నవంబరు వానలో ఒక్క రాత్రి తడిసిన సంచి బూజు వాసన పడుతుంది, పక్కనున్న మంచి బట్టలకూ అది పట్టుకుంటుంది. అలాంటివి చెత్తలోకే పోతున్నాయి, ఆ చెత్త ఖర్చు సంఘానిదే.

శనివారం చీరల బల్ల దగ్గర ఇంకా ఇద్దరు కావాలి. పట్టు గుర్తుపట్టడం మేం నేర్పిస్తాం. చీర సరిగ్గా మడత పెట్టడం వచ్చి ఉంటే చాలు.