మ్యూజిక్ పీరియడ్ గురించి, ఈ.టి. మెన్సా గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

మొన్నటి పేరెంట్స్ మీటింగులో చాలామంది ఒకే మాట అడిగారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల మ్యూజిక్ పీరియడ్ తీసేసి ఆ గంట లెక్కలకో సైన్సుకో ఇవ్వొచ్చు కదా అని. మీ టెన్షన్ నాకు తెలుసు. పదో తరగతి ముంచుకొస్తుంటే ఏ ఇంట్లోనైనా ఇదే గుబులు. కానీ ఆ పీరియడ్ తీసేయాలని నాకు లేదు. ఎందుకో చెప్పడానికి ఈసారి ఉత్తరంలో ఒక గాయకుడి గురించి రాస్తున్నాను. ఈ నెల అసెంబ్లీలో పిల్లలకూ ఆయన గురించి చెప్పాం.

ఆయన పేరు ఇమ్మాన్యుయేల్ టెట్టే మెన్సా. జనం ఈ.టి. అనేవారు. 1919లో పశ్చిమ ఆఫ్రికాలోని ఆక్రాలో పుట్టారు. ఇప్పటి ఘనా అప్పట్లో గోల్డ్ కోస్ట్ పేరుతో బ్రిటిష్ వాళ్ల పాలనలో ఉండేది. ఆయన చదివిన బడిలో లాంప్టే అనే మాస్టారు పిల్లలకు చిన్న వేణువులు, డ్రమ్ములు నేర్పించి బ్యాండు నడిపేవారు. ఈ.టి. అందులో వేణువుతోనే మొదలుపెట్టారు. తర్వాత శాక్సోఫోన్, ఆ తర్వాత ట్రంపెట్. హైలైఫ్ అంటే అక్కడి ఒక రకం డ్యాన్స్ సంగీతం. పశ్చిమ ఆఫ్రికా మొత్తం 'హైలైఫ్ రాజు' అని పిలుచుకున్న మనిషికి మొదటి వాయిద్యం దొరికింది బడిలోనే. ఒక టీచరుగా ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మీరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: మరి చదువో? ఈ.టి. ఫార్మసీ చదివారు, ప్రభుత్వ ఫార్మసిస్టుగా పనిచేశారు. పగలు మందులు, రాత్రి బ్యాండు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆక్రాకు వచ్చిన బ్రిటిష్, అమెరికన్ సైనికులు స్వింగ్, జాజ్ సంగీతాన్ని వెంట తెచ్చారు. ఆ వాతావరణంలో మొదలైన టెంపోస్ అనే బ్యాండులో ఈ.టి. చేరి, యుద్ధం ముగిశాక కొన్నేళ్లకే దాని నాయకుడయ్యారు. ఆ బ్యాండులో డ్రమ్స్ వాయించిన గై వారెన్ లండన్ వెళ్లొచ్చి క్యూబా తాళాలు, కరీబియన్ దీవుల కాలిప్సో పాటల తాళాలు తెచ్చాడు. ఊళ్లో పాడుకునే పాటలు, జాజ్ ట్రంపెట్, ఈ కొత్త తాళాలు కలిసి టెంపోస్ హైలైఫ్ తయారైంది. ఈ.టి. ఒక్క భాషకే కట్టుబడలేదు. గా, ట్వీ, ఫాంటే, ఎవే, హౌసా, ఇంగ్లీషు, ఏ ఊరివాళ్లు వింటున్నారో వాళ్ల భాషలో పాడారు. 1950ల్లో బ్యాండుతో నైజీరియా చుట్టి వస్తే అక్కడి బ్యాండులు కూడా హైలైఫ్ వైపు మళ్లాయి.

పిల్లలకు బాగా నచ్చిన ఘట్టం 1956 మే నెలది. అమెరికన్ ట్రంపెట్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆక్రాలో విమానం దిగుతున్నాడు. అక్కడి బ్యాండులవాళ్లు విమానాశ్రయంలోనే నిలబడి, తమకు బాగా తెలిసిన ఒక హైలైఫ్ పాటలో ఆయన పేరు చేర్చి వాయించారు. ఆర్మ్‌స్ట్రాంగ్ తన ట్రంపెట్ తీసి వాళ్లతో కలిసి వాయించాడు. తర్వాత పారమౌంట్ క్లబ్బులో ఈ.టి., ఆయన ఒకే వేదిక మీద వాయించారు. మరుసటి ఏడు, 1957 మార్చి 6న ఘనాకు స్వాతంత్ర్యం వచ్చింది. ఆ సందర్భానికి టెంపోస్ చేసిన 'ఘనా ఫ్రీడమ్' పాట జనం నోళ్లలో నానింది.

తర్వాతి కాలంలో గిటారు బ్యాండులు, పాప్ సంగీతం వచ్చి డ్యాన్స్ బ్యాండులకు గిరాకీ తగ్గింది. ఈ.టి. మళ్లీ ఫార్మసీ ఉద్యోగానికి వెళ్లారు. అందుకు ఆయన నామోషీ ఏమీ పడలేదనిపిస్తుంది నాకు. 1986లో పాత రికార్డింగులు ఐరోపాలో మళ్లీ విడుదలయ్యాక కొత్త తరం ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. 1996లో కన్నుమూశారు.

మన పిల్లలందరూ గాయకులవుతారని ఇది రాయడం లేదు. ఒక మాస్టారు పిల్లల చేతికి వేణువు ఇచ్చాడు, ఆ పిల్లల్లో ఒకడు ఫార్మసిస్టూ అయ్యాడు, దేశం పాడుకున్న గాయకుడూ అయ్యాడు. మన బడిలో ఆ వేణువు చేతికందకుండా చేసేది మాత్రం నేను కాకూడదు.

అందుకని ఈ టర్ము మ్యూజిక్ పీరియడ్ యథాతథంగా ఉంటుంది. లెక్కల్లో వెనకబడిన పిల్లలకు సాయంత్రం బడి వదిలాక విడిగా క్లాసు పెడుతున్నాం, దానికి ఫీజు లేదు. వేణువులు, డ్రమ్ములు బడిలోనే ఉన్నాయి, మీరు కొనాల్సిన పని లేదు. శనివారం మధ్యాహ్నం బ్యాండు ప్రాక్టీసు ఉంటుంది. వీలున్నవాళ్లు వచ్చి వెనక బెంచీల్లో కూర్చుని వినండి. మీ ఇంట్లో డప్పు, తబలా, నాదస్వరం వాయించే పెద్దలుంటే వాళ్లనూ తీసుకురండి. పిల్లలకు ఒక గంట నేర్పించమని నేనే అడుగుతాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయిని