హైస్కూల్ గ్రౌండ్ అర్జీ: ఆదివారం అందరూ రండి

గ్రూప్ సభ్యులందరికీ నమస్కారం.

మన హైస్కూల్ గ్రౌండ్ కోసం ఎంపీ నిధులకి అర్జీ పెడదామని హెడ్మాస్టరు గారితో మాట్లాడాం. ఒక్కో ఎంపీకి ఏటా 5 కోట్లు ఉంటాయి. ఎంపీ గారు సిఫారసు చేస్తే శ్రీకాకుళం కలెక్టరేట్ నుంచి మంజూరు రావాలి. సమగ్ర శిక్షా పథకం కింద ఆటల కోసం హైస్కూల్‌కి ఏడాదికి 25 వేల వరకు ఇచ్చే డబ్బు బంతులకీ నెట్లకీ సరిపోతుంది గానీ నేల పనికి చాలదు.

కొందరు సింథటిక్ ట్రాక్ అడుగుదామంటున్నారు. నా మాట వినండి, వద్దు. అది కోట్ల పని, పైగా దాన్ని చూసుకోవడం మన బడి వల్ల కాదు. వానాకాలం వస్తే మన గ్రౌండ్ చెరువే కదా. ముందు కాలువ తీయించి, నేల ఎత్తు చేసి, రోలర్ తిప్పిస్తే 200 మీటర్ల మట్టి ట్రాక్ చక్కగా వస్తుంది. ప్రహరీ, లాంగ్‌జంప్ గుంతకి ఇసుక, ఆడపిల్లలు బట్టలు మార్చుకోడానికి గది కూడా రాయాలి. గది మర్చిపోతే మాత్రం ఊరుకోను! కరణం మల్లీశ్వరి పెరిగిన జిల్లాలో గది లేక పిల్లలు ఆటలు మానేయడమేంటి?

తల్లిదండ్రుల కమిటీ తీర్మానం, స్థలం కాగితాలు, ఇంజనీరు ఎస్టిమేట్ లేకుండా అర్జీ కదలదు. సర్వే నంబరు కాగితం ఎవరి దగ్గరైనా ఉంటే ఫోటో పెట్టండి.

ఆదివారం ఉదయం 10 గంటలకి బడి దగ్గర కలుద్దాం. అప్పటిదాకా గుడ్‌మార్నింగ్ ఫోటోలు ఆపండి బాబూ, అసలు మెసేజ్ పైకెళ్లిపోతోంది.