మిరప కోతల బడి: 2025 జనవరి – మార్చి జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన ఊరి వాళ్లకూ, బయట ఊళ్లలో, బయట దేశాల్లో ఉంటున్న మన వాళ్లకూ కమిటీ తరఫున నమస్కారం. మిరప కోతలకు వలస వచ్చిన కూలీల పిల్లల కోసం నడిపిన బడి లెక్క ఉగాదికే చెప్తామన్నాం. రెండు బిల్లులు దొరక్క ఆలస్యమైంది, మన్నించాలి.

మొదట జమ. పోయినేటి నిల్వ 3,240 రూపాయలు. ఊళ్లో 142 ఇళ్ల చందా 31,150. హైదరాబాద్, బెంగళూరు, డల్లాస్‌లలో ఉన్న 11 మంది పంపింది 42,000. ఎరువుల కొట్ల వాళ్లు కలిసి ఇచ్చింది 5,000. రామాలయం దగ్గర పెట్టిన డబ్బాలో పడింది 2,865, అందులో చెల్లని నాణేలు కూడా ఉన్నాయి, అవి లెక్కలో కలపలేదు. బ్యాంకు వడ్డీ 187. వెరసి 84,442 రూపాయలు.

బడి 64 రోజులు నడిచింది. పాత పశువుల ఆసుపత్రి గది పంచాయతీ వాళ్లు ఇచ్చారు, అద్దె లేదు. కోసిగి, కౌతాళం, ఆదోని వైపు నుంచి సుగ్గికి, అంటే కోతల కూలికి, వచ్చిన కుటుంబాల పిల్లలు 41 మంది పేర్లు రాయించుకున్నారు, రోజూ వచ్చింది 30 నుంచి 38 మంది. వాళ్లు కాక అక్కల చంకనెక్కి వచ్చిన చంటిపిల్లలు ఐదుగురు. చీరతో ఉయ్యాల కట్టి వాళ్లను అందులో పడుకోబెట్టేవాళ్లం. చంటిపిల్లలను వద్దంటే అక్కలూ రారు. మొదటి వారంలోనే అది తెలిసొచ్చింది.

ఖర్చులో పెద్దది ఇద్దరు అమ్మాయిల గౌరవ వేతనం. నెలకు తలా 4,000 చొప్పున మూడు నెలలకు 24,000. "సేవ కదా, డబ్బులెందుకు?" అని మీటింగులో ఒకరన్నారు. ఆ ఇద్దరూ డిగ్రీ చదువుతూ, సెలవు రోజుల్లో కోతలకు వెళ్లే వాళ్లు. పూట మానుకుని వచ్చి చెప్పే వాళ్లను ఉత్త చేతులతో పంపడం మాకు నచ్చలేదు. మా దృష్టిలో అన్నిటికన్నా సద్వినియోగమైన డబ్బు ఇదే.

చేల దగ్గర గుడారాల నుంచి పిల్లలను తెచ్చి దించిన ఆటోకు రోజుకు 200 లెక్కన 12,800. శనగ గుగ్గిళ్లు, శనివారం అరటిపళ్లు 9,460. ఇందులో 640 రూపాయలకు రసీదు లేదు, కొట్టతను చీటీ మీద రాసిచ్చిందే ఉంది. పలకలు, నోటుబుక్కులు, పెన్సిళ్లు 4,315. చాపలు, టార్పాలిన్, ఫ్యాను బాగుచేత, కరెంటు 5,150. ట్యాబ్ గ్లాసు పగిలితే వేయించింది 1,850.

పుస్తకాల ఖర్చు మీద ఎక్కువ మంది అడిగారు కాబట్టి కొంచెం వివరంగా. 184 పుస్తకాలు కొన్నాం, 9,980 రూపాయలు. చాలావరకు ప్రథమ్ బుక్స్ వాళ్లవి. లాభం చూసుకోని ఈ ప్రచురణ సంస్థను బెంగళూరులో 2004లో మొదలుపెట్టిన వాళ్లలో రోహిణి నీలేకని ఒకరు. ఆవిడ పిల్లల కథలు కూడా రాస్తారు, నోని అనే కలం పేరుతో. ధర తక్కువ, బొమ్మలు బాగుంటాయి. చదువు వచ్చినదాన్ని బట్టి నాలుగు మెట్లుగా విడదీసి ఉంటాయి. అయిదో తరగతి పిల్లాడికి ఒకటో మెట్టు పుస్తకం ఇస్తే చిన్నబుచ్చుకుంటాడేమో అని భయపడ్డాం. బొమ్మ బాగుంటే ఎవరూ మెట్టు చూడలేదు.

ఇంకో 26 కథలు ఆ సంస్థే 2015లో పెట్టిన స్టోరీవీవర్ అనే ఉచిత కథల వెబ్‌సైట్ నుంచి తీసుకుని, రెండేసి ప్రతులు రంగుల్లో ప్రింటు వేయించాం. ప్రింటుకు 6,240, స్పైరల్ బైండింగుకు 1,560, మొత్తం 7,800. "ఇవి దొంగ ప్రింట్లు కాదా?" అని అడిగిన వారికి జవాబు: కాదు. ఎవరైనా ప్రింటు వేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు, రాసినవాళ్ల పేర్లు, బొమ్మలు వేసినవాళ్ల పేర్లు మాత్రం ఉంచాలి. మనం ఇచ్చిన షాపతను కాగితం కలిసొస్తుందని ఆ పేర్లున్న చివరి పేజీనే వదిలేశాడు. వెనక్కిచ్చి 52 ప్రతులకూ మళ్లీ వేయించాం, దానికి అదనంగా ఏమీ తీసుకోలేదు.

ఆ 26లో ఆరు కన్నడంలో ఉన్నాయి. కర్ణాటక సరిహద్దు ఊళ్ల పిల్లలు కొందరు కన్నడ బడిలో చదువుతున్నారు, తెలుగు అక్షరాలు చూసి బిక్కమొహం వేశారు. కమిటీలో కన్నడం చదవగలిగిన వాళ్లు లేరు. ఏడో తరగతి పాప ఒకతె కూర్చుని ఆరు పుస్తకాలూ పైకి చదివి, పేజీలు తారుమారైన ఒకదాన్ని పట్టుకుంది.

నోని రాసిన శృంగేరి శ్రీనివాస్ కథ ఒకరోజు చదివి వినిపించాం. జుట్టు బాగా పెరిగిన రైతు క్షవరానికి బయలుదేరితే ఎవరికీ తీరిక ఉండదు. ఒక పిల్లాడు తన జులపాలు పట్టుకుని "మా నాయన గూడా సుగ్గి అయినాకే కటింగ్ అన్నాడు" అన్నాడు. ఆ కథ మళ్లీ మళ్లీ చదివించుకుని ఆ వారం ఇంకో పుస్తకం తియ్యనివ్వలేదు.

ఇక మిగిలింది ప్రారంభం రోజు ఖర్చు. ఫ్లెక్సీ 1,200, శాలువాలు 900, టిఫిన్లు 1,800, వెరసి 3,900. ఇది మా పొరపాటు. ఆ డబ్బుతో ఇంకో డెబ్బై పుస్తకాలు వచ్చేవి. పైగా ఆ రోజు టిఫిన్లు పెద్దవాళ్లకే సరిపోయాయి, పిల్లలకు గుగ్గిళ్లే. వచ్చే ఏడు ఫ్లెక్సీ, శాలువాలు ఉండవని కమిటీ తీర్మానం రాసుకుంది.

మొత్తం ఖర్చు 79,255. నిల్వ 5,187. అందులో బ్యాంకులో 4,637, కోశాధికారి చేతిలో 550.

కొన్నవీ ప్రింటు వేసినవీ కలిపి 236 పుస్తకాల్లో బీరువాలో ఉన్నవి 197. కూలీల లారీలు బయలుదేరిన రోజున పిల్లలు వదల్లేక పట్టుకుంటే మేమే 22 ఇచ్చి పంపాం. మిగతా 17లో తొమ్మిది చిరిగిపోయాయి, ఎనిమిది ఎక్కడున్నాయో తెలియదు. మన ఊరి పిల్లల దగ్గర ఏమైనా ఉంటే తెచ్చివ్వండి, ఎవరినీ ఏమీ అనం.

బిల్లులు, చందా పుస్తకం, బ్యాంకు పాసుబుక్కు ఈ ఆదివారం, వచ్చే ఆదివారం ఉదయం 8 నుంచి 11 వరకు బడి గదిలోనే ఉంటాయి. చందా ఇచ్చినా ఇవ్వకపోయినా ఎవరైనా వచ్చి చూడొచ్చు.

ఇట్లు
కార్యదర్శి, కోశాధికారి